వేట లేని నెలల్లో వాసన

కూరగాయల కత్తి కొనాలన్నా నలుగురిని అడిగి కొనే మనిషి కీర్తన. అలాంటిది, ఇద్దరు చిన్నపిల్లల్ని వెంటబెట్టుకుని హైదరాబాద్ నుంచి విశాఖపట్నం వచ్చి సముద్రం ఒడ్డున నాలుగు రోజులు గడపాలనుకుంటే, ఇల్లు ఎంచే భారం ఎవరి నెత్తిన పడుతుంది? వైజాగ్‌లో కాపురముంటున్న వదిన నెత్తినే పడింది. ఆ వదిన ఈశ్వరి. ద్వారకా నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్‌లో జువాలజీ చెబుతుంది. ఆమె భర్త సాయిశంకర్ కీర్తనకు సొంత అన్న, పోర్టులో ఇంజనీరు.

"మీ ఫ్లాట్‌లోనే దిగుదును గానీ వదినా, మీ బాల్కనీలోంచి చూస్తే పక్కింటివాళ్ల బట్టలు తప్ప ఏం కనబడవు. పిల్లలు కళ్లు తెరవగానే సముద్రం కనబడాలి. ఆయనకు సెలవు దొరకలేదు, నేనొక్కదాన్నే చూసుకోవాలి. నెట్‌లో మూడు ఇళ్లు చూసి పెట్టాను. ఫొటోలు పంపుతున్నా, ఏది మంచిదో నువ్వే చెప్పు" అంది కీర్తన ఫోన్‌లో. బాల్కనీకి గ్రిల్ ఉండాలి, మెట్లు ఎత్తుగా ఉండకూడదు, పాలు కాచుకోవడానికి పొయ్యి ఉండాలి, ఇంటికీ ఇసకకీ మధ్య రోడ్డు ఉండకూడదు. పిల్లల తల్లి కోరికలు ఇంతకంటే తక్కువ ఉండవు.

మొదటిది కొండ మీది తెల్ల విల్లా. రెండోది ఏదో అపార్ట్‌మెంట్. మూడో ఫొటో తెరిచి, ఈశ్వరి దాన్ని వేళ్లతో పెద్దది చేసి చూసింది. నీలం రంగు గోడ, చిన్న డాబా, గుమ్మం దిగితే ఇసక. ఆ ఫొటో తీసింది ఈశ్వరే. సముద్రానికి వీపు పెట్టి నిలబడి, కాళ్లకు అలలు తగులుతుంటే, పోయిన చలికాలంలో తీసింది. కింద ఇంగ్లీషులో ఉన్న నాలుగు ముక్కలూ రాసిందీ ఆమే. ఆ ఇల్లు ఆమె అన్న జగ్గారావుది. ఆమె పుట్టిన ఇల్లు.

అమ్మా నాన్నా పోయాక ఈశ్వరిని పెంచింది జగ్గారావే. తన సొంత తెప్ప అమ్మేసి చెల్లెల్ని ఎమ్మెస్సీ చదివించి, తను ఫిషింగ్ హార్బర్‌లో పరాయి బోటు మీద కళాసీగా కుదిరాడు. దాని గురించి ఎప్పుడూ ఎవరి దగ్గరా గొప్ప చెప్పుకోలేదు, చెల్లెలి దగ్గర అసలే చెప్పలేదు. ఏటా ఎండాకాలం చేపలు గుడ్లు పెట్టే రోజుల్లో సర్కారు వేట ఆపేస్తుంది. బోట్లన్నీ హార్బర్‌లో కట్టేసి ఉంటాయి, కళాసీలు ఇళ్ల దగ్గర గోళ్లు గిల్లుకుంటూ ఉంటారు. ఆ నెలలు గడవడానికే అతను పైన రెండు గదులు వేశాడు. వైజాగ్‌కు జనం ఎగబడి వచ్చేదీ ఆ నెలల్లోనే కదా అని అతని లెక్క. లెక్క మంచిదే. కానీ అంతవరకూ వచ్చింది ఒక్క కాలేజీ కుర్రాళ్ల గుంపు. వాళ్లు రాత్రంతా అరిచి, దిండ్లు చించి పోయారు.

మరి ఇది మా అన్నయ్య ఇల్లేనని ఈశ్వరి వెంటనే ఎందుకు చెప్పలేదు? అక్కడే ఉంది చిక్కంతా.

ఆమెది ప్రేమపెళ్లి. రిజిస్ట్రారు ఆఫీసులో దండలు మార్చుకున్నాక జరిగిన చిన్న విందులో, అత్తగారు తన వాళ్లకు కోడల్ని చూపిస్తూ, "అమ్మాయి వాళ్ల అన్నయ్యది సీఫుడ్ ఎక్స్‌పోర్టు" అంది. పక్కనే నిలబడ్డ ఈశ్వరి నవ్వి ఊరుకుంది. జగ్గారావు కొత్త తెల్లచొక్కా తొడుక్కుని ఒక మూల కూర్చుని, తెల్లారకముందే బోటెక్కాలని భోజనం చేయకుండానే వెళ్లిపోయాడు. ఆ రోజు కీర్తన తొలికాన్పులో చింటూని కని ఆస్పత్రిలో ఉండటంతో అతన్ని చూడనేలేదు. ఆ తర్వాత ఎప్పుడు అడిగినా ఈశ్వరి, పేరు కూడా చెప్పకుండా, "అన్నయ్యకు తీరిక ఉండదు" అనేది. మొదట అత్తగారి అబద్ధం, తర్వాత ఈశ్వరి అబద్ధం. అబద్ధానికి అద్దె లేదు గనక ఆరేళ్లుగా ఇంట్లో ఉంటూనే ఉంది.

ఫొటోలు వచ్చిన కాసేపటికే జగ్గారావు నుంచి ఫోన్ వచ్చింది.

"ఈసూ, పార్టీ దొరికిందే! ఐదరాబాదోల్లట. ఎవులో అమ్మగారు మాటాడింది. ఇద్దరు సిన్నపిల్లలట. గ్రిల్లుందా, మెట్లు ఎత్తా, పాలు కాసుకోడానికి పొయ్యుందా అని ఒకటే అడగడం. ఆలోసించుకుని సెప్తానంది."

"అలాగా" అంది ఈశ్వరి.

"మీ వదిన అప్పుడే డాబా అంతా కడిగేసినాది. నాను పిట్టగోడ సుట్టూ పాత వల కట్టేత్తన్నాను, పిల్లలు తొంగిసూత్తే పడిపోకుండా. నువ్వు సదువుకున్నదానివి, నువ్వు సెప్పు, ఆల పిల్లలు పొద్దున్నే ఏటి తింటారు?"

"ఇడ్లీ పెట్టించు."

"ఇడ్లీయా! అదే మీ వదిన కూడా అంది" అని నవ్వి పెట్టేశాడు.

సాయంత్రం సాయిశంకర్‌కు చెప్పింది. అతను బూట్లు విప్పుకుంటూ, "చెప్పేయ్, ఏమవుతుంది? కీర్తన ఏమీ అనుకోదు" అన్నాడు. అనడం తేలిక. ఫోన్ అతని చేతిలోనే ఉంది, చెల్లెలు అతని సొంత చెల్లెలు, అయినా ఆ ముక్క తను చెప్పలేదు. ఈశ్వరి రాత్రి భోజనం చేయబోయే ముందు కీర్తనకు ఫోన్ చేసింది. చెప్పేద్దామనే చేసింది. "వదినా, నాకు ఆ నీలం ఇల్లే నచ్చింది. నీకు తెలిసిన చోటేనా?" అని కీర్తన అడిగేసరికి, ఆరేళ్ల అలవాటు నాలుక మీదికి వచ్చి కూర్చుంది.

"అది వద్దు కీర్తనా. అది చేపలు పట్టేవాళ్ల పేట. ఒకటే కంపు. సాయంత్రమైతే తాగి అరుచుకుంటారు. పిల్లలతో ఉండలేవు."

"అమ్మో, అయితే వద్దులే. ఆ కొండ మీది విల్లానే తీసుకుంటా."

కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందంటారు. ఈశ్వరి లేని రోగానికి కడుపు చించుకుంది. జగ్గారావు చుక్క ముట్టడు. ఇక కంపంటారా, అది మే నెల. వేట లేదు, పడవ కదలదు, పేటలో ఎండబెట్టడానికి చేప తోక కూడా లేదు. వైజాగ్‌లో పుట్టినవాళ్లెవరైనా ఆ మాట విని పకాలున నవ్వుతారు. కీర్తనకు సముద్రమే కొత్త, వేట నెలలేవో, కాని నెలలేవో ఆమెకేం తెలుసు? వదిన చెప్పింది, నమ్మింది. నమ్మిన మనిషికి అబద్ధం చెప్పడమంత సులువైన పని ఇంకొకటి లేదు. అందుకే అది అంత పాపిష్టి పని.

మర్నాడు జగ్గారావు ఫోన్ చేయలేదు. ఆ మర్నాడూ చేయలేదు. పార్టీ రాలేదని చిన్నబుచ్చుకుని ఉంటాడులే అని సర్దిచెప్పుకుంది.

కీర్తన దిగిన విల్లా చాలా బాగుంది. చెప్పుకోవడానికి బాగుంది. నేల మీద మొహం చూసుకోవచ్చు, సముద్రం వైపు గోడంతా అద్దమే. కానీ కింద ఉన్నది ఇసక కాదు, నల్లరాళ్లు. అల వచ్చి రాళ్లకు కొట్టుకుని పైకి లేస్తుంటే చూడటమే తప్ప దిగడానికి దారి లేదు. చింటూ అద్దానికి ముక్కు ఆనించి, "అత్తా, సముద్రంలోకి ఎప్పుడెళ్దాం?" అని గంటకోసారి అడిగాడు. వాడి చెల్లెలు బుజ్జి, ఇంకా మాటలు సరిగ్గా రాని పిల్ల, అద్దాన్ని అరచేత్తో కొట్టి ఏడ్చింది. అద్దం నిండా చిన్నచిన్న చేతి మరకలు పడ్డాయి. విల్లా మనిషి వచ్చి వాటిని తుడిచి, పిల్లల్ని అద్దం దగ్గరికి రానివ్వొద్దని చెప్పి వెళ్లాడు.

"ఇంత బాగున్నా ఎందుకో వదినా, పిల్లలకు నచ్చలేదు" అంది కీర్తన. ఈశ్వరి బుజ్జిని ఎత్తుకుని అద్దానికి దూరంగా తీసుకెళ్లింది.

రెండో రోజు ఉదయం ఈశ్వరికి క్లాసుంది. చేప మొప్పల బొమ్మ వేసి, నీళ్లలోంచి గాలి ఎలా పీల్చుకుంటుందో చెబుతుంటే బల్ల మీద ఫోన్ మోగి మోగి ఆగింది. క్లాసయ్యాక చేస్తే, కీర్తన గొంతు వెనకాల పిల్లల కేకలు, అలల చప్పుడు.

"వదినా, ఆటో అతన్ని రాళ్లు లేని చోటికి తీసుకెళ్లమంటే ఎక్కడికి తెచ్చాడో తెలుసా? ఆ నీలం ఇంటి ముందుకే! పిల్లలు రామంటే రామంటున్నారు. నువ్వూ వచ్చేయ్."

ఆటోలో కూర్చున్నంతసేపూ ఈశ్వరి ఒక్కటే అనుకుంది. ఇవాళ చెప్పేస్తాను. వెళ్లగానే, "అన్నయ్యా" అని పిలుస్తాను. అంతే, ఒక్క పిలుపుతో అయిపోతుంది.

పేట మొదట్లో దిగి ఇసకలో నడిచి వెళ్లేసరికి, జగ్గారావు లుంగీ ఎగ్గట్టి తడి ఇసకలో చతికిలబడి ఉన్నాడు. రెండు చేతుల్లో రెండు తాళ్లు. ఒక తాడు కొసన చింటూ, ఇంకో తాడు కొసన బుజ్జి. ఇద్దరి నడుములకూ తాడు, వీపుకు నీళ్లలో తేలే వల బెండు. పేటలో నడక వచ్చిన ప్రతి పిల్లనీ అలా కట్టే నీళ్లకు వదులుతారు. కొస పట్టుకోవడం ఇంట్లో పెద్దపిల్లల పని. అల వచ్చినప్పుడు జగ్గారావు తాడు కొంచెం బిగించి, పోయాక వదులుతున్నాడు. పిల్లలు నవ్వలేక చస్తున్నారు. తన నడుముకు తాడు కట్టి, ఇలాగే, ఇక్కడే, చదువు మానుకుని కూర్చున్న అన్న ఈశ్వరికి కళ్లకు కట్టినట్టు కనిపించాడు.

కీర్తన ఎదురొచ్చి చెయ్యి పట్టుకుంది. "ఈయనే వదినా, ఆ ఇంటాయన. ఇల్లు వద్దని ఫోన్ చేసినప్పుడు ఉన్నదున్నట్టు చెప్పేశాను, పాపం ఏమీ మనసులో పెట్టుకోలేదు. పిల్లల్ని చూడగానే తనే తాళ్లు తెచ్చాడు."

"ఏం చెప్పావు?"

"నిజమే చెప్పాను. మా వదిన ద్వారకా నగర్‌లో జువాలజీ చెబుతుంది, ఆమెకు ఇక్కడి సంగతులన్నీ తెలుసు, మీ పేటలో కంపు, తాగి గొడవలు చేస్తారని ఆమే వద్దంది అని. ఊరికే రామంటే బాధపడతారు గదా, కారణం చెబితే బాగుచేసుకుంటారు." కీర్తన మంచిది. మంచివాళ్లతో వచ్చే కష్టమే అది. వాళ్లు కారణం కూడా చెబుతారు.

జగ్గారావు తల తిప్పి చూశాడు. తాళ్లు రెండూ ఒక చేతిలోకి మార్చుకుని లేచి, లుంగీ కిందికి వదిలి, ఖాళీ చేతిని గుండెల దగ్గర పెట్టి వంగాడు.

"నమస్తే మేడమ్."

ఆ గొంతులో వెటకారం లేదు, కోపం లేదు. ఉన్నా బాగుండేది. ఈశ్వరి నోరు తెరిచింది. "అన్న" అన్న మాట పళ్ల దాకా వచ్చింది. సరిగ్గా అప్పుడే కీర్తన, "నేను పైకి వెళ్లి గదులు చూశాను వదినా. ఎంత శుభ్రంగా ఉన్నాయో! వాసనే లేదు. నీకెవరో తప్పు చెప్పినట్టున్నారు" అంది.

"నేదమ్మా," అన్నాడు జగ్గారావు తొందరగా. "మేడమ్ గారు సెప్పింది నిజమే. ఈయాల గాలి అటు కొడతంది. గాలి తిరిగితే వాసనొత్తాది. మాకలవాటైపోనాది గానీ, పిల్లలకి పడదు."

చింటూ అలలోంచి పరుగెత్తుకొచ్చి ఈశ్వరి చీర తడిపేశాడు. "అత్తా, ఈ తాడు ఈసుది! ఈసు అని ఒక పాప ఉండేదట. నాలాగే ఉండేదట. అలలోకి పారిపోవాలని తాడు కొరికేసేదట! ఆ పాప ఇప్పుడెక్కడుంది మామా?"

జగ్గారావు వాడి నడుము దగ్గర ముడి సరిచేస్తూ, "పెద్దదైపోనాది బాబూ" అన్నాడు.

ఇంతకంటే మంచి సమయం దేవుడు కూడా ఇవ్వలేడు. నేనేరా ఆ పాపని అంటే సరిపోయేది. పిల్లవాడు చప్పట్లు కొట్టేవాడు, కీర్తన కాసేపు తెల్లబోయి ఆ తర్వాత నవ్వేసేది. ఈశ్వరి చెప్పలేదు. ఇప్పుడు చెబితే ఆ కంపు మాట ఏ మొహం పెట్టుకుని అన్నానని చెప్పను అనుకుంది. ఒక చిన్న సిగ్గును దాచడానికి చెప్పిన మాట, దానికంటే పెద్ద సిగ్గై ఎదురుగా నిలబడింది.

జగ్గారావు భార్య నూకాలు గుమ్మంలోంచి రెండు స్టీలు గ్లాసుల్లో నీళ్లు తెచ్చి కీర్తనకు ఒకటిచ్చింది. రెండోది ఈశ్వరికి ఇవ్వబోయి ఆగి, లోపలికి వెళ్లి, సీలు తీయని నీళ్ల సీసా తెచ్చి చేతిలో పెట్టింది.

"మీకు మా నీల్లు పడవేమోనండి" అంది.

ఆ రాత్రి విల్లాలో అందరూ పిల్లల కబుర్లకు నవ్వుతుంటే ఈశ్వరి నవ్వలేదు. మర్నాడు క్లాసుకు వెళ్లే దారిలో పేటకు వెళ్లింది. జగ్గారావు డాబా మీద పిట్టగోడ చుట్టూ కట్టిన వల విప్పుతున్నాడు. ముడి ముడికీ ఆగి, తాడు తెగకుండా జాగ్రత్తగా విప్పుతున్నాడు. ఈశ్వరి పైకి వెళ్లి అతని కాళ్ల దగ్గర కూర్చుంది. పుట్టింటి గాలి తగలగానే ఆమె మాట కూడా పేట మాటయిపోయింది.

"అన్నియ్యా, తప్పైపోనాది. ఈయాల కీర్తనకి అంతా సెప్పేత్తాను."

జగ్గారావు వల విప్పడం ఆపలేదు. "ఇప్పుడొద్దమ్మా."

"ఏం? ఎందుకొద్దు?"

"నిన్న నువ్వు సెప్పుంటే సరిపోయీది. నాను ఆ అమ్మగారి ముందర నిన్ను మేడమ్ అనేసినాను. వాసనొత్తాదని నా నోటితో నానే ఒప్పేసుకున్నాను. ఇప్పుడు నువ్వు ఎల్లి, ఆడు మా అన్న అని సెప్తే, నాను దొంగమాటలోడినైపోతాను. ఆ పిల్లడు నన్ను మామా అని పిలిసినాడు ఈసూ. ఆడి కాడ నాను అబద్దాలకోరుని అవనేను."

"నా కోసమే గదా అన్నావు!"

"నీ కోసమే. అయినా అన్నాను గదా. అన్నమాట ఎనక్కి తీసుకోడానికి నాను సదువుకున్నోన్ని కాదు."

నూకాలు మెట్ల మీద నిలబడి వింటూ ఉంది. "నాకొక్కటి సెప్పు ఈసూ," అంది. "తాగుతారన్నావు, పోనీ, పేటలో తాగేవోలున్నారు. వేట నేని నెలల్లో వాసనేటి? నువ్వీ ఇంట్లో పుట్టినదానివే గదా. ఆ మాట నీకెలాగొచ్చింది?"

నూకాలు జవాబు కోసం ఆగలేదు. కిందికి వెళ్లి, కాసేపటికి ఇడ్లీ పళ్లెం తెచ్చి ఈశ్వరి ముందు పెట్టి వెళ్లిపోయింది. ఆ ఇడ్లీ పాత్ర పిల్లల పార్టీ వస్తుందని కొన్నది. ఈశ్వరి ఏడుస్తూ తింది. క్లాసుకు ఆలస్యమైంది.

కీర్తన వెళ్లే రోజు సాయిశంకర్ ప్లాట్‌ఫారం మీద పెట్టెలు సర్దుతున్నాడు. చింటూ సంచిలో ఒక వల బెండు ఉంది, జగ్గారావు మామ ఇచ్చాడట. రైలు రావడానికి ఇంకా టైముందని కీర్తన ఫోన్ తీసి, స్పీకర్ పెట్టింది.

"జగ్గారావు గారూ, నేనండీ. వచ్చే ఎండాకాలానికి మీ ఇల్లు మాకే ఉంచాలి. పిల్లలు ఒప్పుకోవడం లేదు."

"అలాగేనమ్మా! మాసెడ్డ సంతోసం. ఎంతమందొత్తారు?"

"పిల్లలూ, మేమిద్దరం. అన్నయ్యా వదినా కూడా అక్కడే దిగుతారు. అందరం కలిసే ఉంటాం."

సాయిశంకర్ పెట్టె చక్రాన్ని అవసరం లేకపోయినా వంగి చూశాడు. ఫోన్లో జగ్గారావు గొంతు, నిజంగానే తెలుసుకోవాలని అడిగే మనిషి గొంతు, మెల్లగా వచ్చింది.

"మరి మేడమ్ గారికి పడతాదా అండి, మా ఇల్లు?"

కీర్తన నవ్వుతూ ఫోన్ ఈశ్వరి మొహం ముందు పెట్టింది. చింటూ తలెత్తి చూస్తున్నాడు. అన్న తను "మేడమ్" అన్న మాటకే నిలబడ్డాడు, ఇక ఆమె కూడా ఆ అబద్ధానికి నిలబడాలి.

"పడుతుందండీ" అంది ఈశ్వరి.

పుట్టి బుద్ధెరిగాక అన్నను "అండీ" అనడం అదే మొదటిసారి.